గేటు మీద స్టెన్సిల్ అక్షరాలు వేయడం ఎలా?

మా గేటు ముందు రోజూ ఎవరో ఒకరు బైక్ పెట్టేసి వెళ్లిపోతుంటే, "బండి ఆపరాదు" అని రాద్దామని కూర్చున్నాను. కంప్యూటర్లో లావుపాటి తెలుగు అక్షరాలు ప్రింటు తీసి బ్లేడుతో కోశాను. సున్నా చుట్టూ కోయగానే దాని నడిమి ముక్క ఊడి కింద పడింది. పోనీలే అని అలాగే రంగు కొట్టాను. సున్నా కాస్తా నల్ల బొట్టయింది. "రా"లో ఉన్న గుండ్రానికీ అదే గతి.

ఆ ముక్క పడిపోకుండా పట్టి ఉంచడానికే స్టెన్సిల్ అక్షరాలు అక్కడక్కడా తెగి ఉంటాయి. తెగినట్టు కనబడే చోట నిజానికి రేకు గానీ షీటు గానీ ఉంటుంది. దాన్ని వంతెన అందాం. రేకు ముగ్గు అచ్చుల్లో గీతంతా ఒకేసారి కోయకుండా చుక్కలు చుక్కలుగా బెజ్జాలు పెట్టేది కూడా అందుకే.

పెట్టెల మీద, బస్తాల మీద, మిలిటరీ సామాను మీద పేర్లు వేసే ఈ పద్ధతిని చూసే స్టెన్సిల్ తరహా ఇంగ్లిష్ అచ్చు అక్షరాలు పుట్టాయి. అమెరికాలో 1937లో రెండు సంస్థలు నెల తేడాతో ఇదే తరహా అక్షరాలు విడుదల చేశాయి. లడ్లో సంస్థకు రాబర్ట్ హంటర్ మిడిల్టన్, అమెరికన్ టైప్ ఫౌండర్స్‌కు జెర్రీ పావెల్ వాటిని గీశారు. కంప్యూటర్లలో "స్టెన్సిల్" పేరుతో చాలామందికి కనిపించేది పావెల్ గీసినదే. అన్నీ పెద్దబడి అక్షరాలే, చిన్నబడి లేదు. చిత్రమేమిటంటే, అచ్చులో ముక్క రాలిపడే భయం లేకపోయినా వంతెనల్ని అలాగే ఉంచారు, ఆ మోటు రూపం కోసం.

ఇక పనిలోకి వద్దాం. కావలసినవి: ఓహెచ్‌పీ షీటు (అవతలిది కనబడే ప్లాస్టిక్ షీటు) లేదా పాత ఎక్స్‌రే ఫిల్మ్, పేపర్ కట్టర్, కింద వేసుకోవడానికి దళసరి అట్ట, మాస్కింగ్ టేపు, స్పాంజి, ఎనామిల్ రంగు.

1. ముందు ఫాంటు. రామభద్ర లాంటి లావుపాటి తెలుగు ఫాంటు తీసుకోండి. సన్నవాటిలో వంతెన పెడితే అక్షరం చీలికలు పీలికలవుతుంది. దూరం నుంచి కనబడాలంటే అక్షరం కనీసం 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. మాటలు ఎంత తక్కువైతే అంత మంచిది.

2. ప్రింటు మీద పెన్సిలుతో అక్షరాల గీతల మందమంతా నింపండి. అప్పుడు చుట్టూ నలుపు కమ్ముకుని మధ్యలో తెల్లగా మిగిలేవన్నీ రాలిపోయే ముక్కలు. "బండి ఆపరాదు"లో సున్నా, డ మీది గుడి, రాలోని గుండ్రం వెంటనే దొరుకుతాయి. మిగతావీ వదలకుండా చూసుకోండి.

3. అసలు కష్టం వంతెనలు గీయడంలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ఎక్కడ కోసినా అక్షరం అక్షరంలాగే ఉంటుంది, చాలావరకు. మనకు అలా కాదు. ప, వ రెంటికీ ముఖ్యమైన తేడా తలకట్టు దగ్గరి సందే. ప మీద తలకట్టు విడిగా ఉంటుంది, వ మీద అంటుకుని ఉంటుంది. వ తలకట్టు దగ్గర వంతెన పెట్టారా, అది ప అయిపోతుంది. అందుకే వంతెన ఎప్పుడూ గుండ్రంగా తిరిగే చోట పెట్టాలి, తలకట్టు జోలికి పోకూడదు. సున్నాకు పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి. పక్కన ఒక్కటే వెడల్పుగా పెడితే చూడ్డానికి అరసున్నాలా ఉంటుంది. 10 సెం.మీ. అక్షరానికి 4, 5 మి.మీ. వెడల్పు సరిపోతుంది. అంతకన్నా సన్నగా ఉంటే కోసేటప్పుడే తెగుతుంది.

4. షీటును ప్రింటు మీద టేపుతో అంటించి కోయండి. ముందు లోపలి చిన్న గుండ్రాలు, ఆ తర్వాతే బయటి గీతలు. వంపు వచ్చినప్పుడు బ్లేడు తిప్పకండి, షీటును తిప్పండి.

5. గేటు తుడిచి, షీటును నాలుగు వైపులా టేపుతో బిగించండి. స్పాంజికి రంగు అద్దాక పాత పేపరు మీద రెండు మూడు సార్లు కొట్టి, దాదాపు ఆరిందనిపించాక గేటు మీద నిలువుగా అద్దండి. రుద్దితే రంగు షీటు కిందికి పాకుతుంది. రంగు పాకి ప దగ్గరి సందు మూసుకుపోతే "ఆపరాదు" కాస్తా "ఆవరాదు" అవుతుంది. రెండోసారి వేశాక నాకు ఎదురైంది ఇదే, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఒకేసారి దట్టంగా వేయకుండా రెండు పలచటి పూతలు వేయండి. షట్టర్ లాంటి గాడులున్న చోట స్ప్రే డబ్బా కన్నా స్పాంజే నయం.

ఇదే రూపం పోస్టర్ మీదో, దుకాణం బోర్డు మీదో కావాలంటే కంప్యూటర్లోనే అక్షరాల మీద బ్యాక్‌గ్రౌండ్ రంగులో చిన్న పట్టీలు పెడితే చాలు. క్రీడల పోస్టరుకీ, గోదాము బోర్డుకీ, కాఫీ పొడి ప్యాకెట్టుకీ బాగుంటుంది. పెళ్లి పత్రిక మీద మాత్రం వద్దు, మిలిటరీ ఉత్తర్వులా ఉంటుంది. ఫోన్లో చిన్న సైజులో చూస్తే సందులు మూసుకుపోతాయి కాబట్టి ఒకసారి ఫోన్లో చూసుకున్నాకే ప్రింటుకివ్వండి.

పని అయ్యాక షీటు మీది రంగు ఆరకముందే తుడిచి, పుస్తకాల కింద పరచి ఉంచండి. చుట్టి పెడితే మొదట విరిగేవి వంతెనలే.