చెరువు నుంచి పరిశోధన ప్రశ్న దాకా (పర్యావరణ అర్థశాస్త్రంలో డాక్టరేటు ఉపకారవేతనాలు: మూడవ పాఠం)

డాక్టరేటు చదువుకు డబ్బు ఏయే దారుల్లో వస్తుందో గత పాఠంలో చూశాం. ఆ డబ్బు ఇచ్చేవారు అభ్యర్థిని ప్రధానంగా దేన్ని చూసి అంచనా వేస్తారో ఆ కాగితాన్ని, అంటే పరిశోధన ప్రతిపాదనను, తయారుచేయడం ఈ పాఠంలో నేర్చుకుంటాం. ఉస్మానియాలోనో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, వాతావరణ మార్పు మీద పని చేయాలన్న పట్టుదల ఉన్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను.

ప్రతిపాదనకు ముందు కొంత పునశ్చరణ అవసరం. ఎందుకంటే ఏ దారికి ఎలాంటి ప్రతిపాదన కావాలో తెలియక అన్నిటికీ ఒకే కాగితం పంపేవారు మన దగ్గర ఎక్కువ. కొన్ని ఉపకారవేతనాలు విద్యార్థి వెంట నడుస్తాయి. జర్మనీకి చెందిన విద్యా వినిమయ సంస్థ డాడ్ ఇచ్చే పరిశోధన వేతనం అలాంటిది; అందులో ప్రశ్న మీది, ప్రణాళిక మీది, పర్యవేక్షణకు ఒప్పుకునే ఆచార్యుణ్ణి వెతుక్కోవలసిందీ మీరే. మరికొన్ని ఉద్యోగం వెంట నడుస్తాయి. స్వీడన్, నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల్లో డాక్టరేటు విద్యార్థి సాధారణంగా జీతం తీసుకునే ఉద్యోగి కాబట్టి, పరిశోధనాంశం ఖాళీ ప్రకటనలోనే చాలావరకు నిర్ణయమై ఉంటుంది. ఐరోపా సమాఖ్య నడిపే మేరీ క్యూరీ డాక్టరేటు నెట్‌వర్కులదీ ఇదే పద్ధతి. వాటికి మరో నిబంధన కూడా ఉంది: నియామకానికి ముందు 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్ చదివి వెంటనే అదే దేశంలో ఈ స్థానానికి దరఖాస్తు చేసేవారికి ఈ నిబంధన అడ్డం వస్తుంది. అమెరికాలో మంచి విభాగాలు ప్రవేశంతో పాటే ఫీజు మాఫీనీ నెలవారీ భృతినీ ఇస్తాయి. అక్కడ మొదటి రెండేళ్లు తరగతులే కనుక దరఖాస్తులో పూర్తి ప్రతిపాదన అడగరు, మీ ఆలోచన ఏ దిశలో సాగుతోందో తెలిపే ఉద్దేశ పత్రం చాలు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టరేటు పరిశోధన ఫెలోషిప్పు, 2007 నోబెల్ శాంతి బహుమతి సొమ్ముతో ఐపీసీసీ (వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం) నెలకొల్పిన ఉపకారవేతనం ఇప్పటికే డాక్టరేటు చేస్తున్నవారికి ఉద్దేశించినవి.

పర్యావరణ అర్థశాస్త్రంలో అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులకు ప్రత్యేకంగా దారి వేసిన చోట్లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయాన్ని ముందు చెప్పుకోవాలి. ఆ దేశపు అభివృద్ధి సహకార సంస్థ సీడా నిధులతో ఆ విశ్వవిద్యాలయం చాలాకాలం పాటు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల విద్యార్థులకు డాక్టరేటు శిక్షణ ఇచ్చింది. ఎన్విరాన్‌మెంట్ ఫర్ డెవలప్‌మెంట్ అనే పరిశోధనా కేంద్రాల కూటమి ఆ కృషి నుంచే పుట్టింది. దాని భారత కేంద్రం ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఉంది. కాఠ్మాండూలో పర్వత ప్రాంతాల అభివృద్ధి సంస్థ ఇసిమోడ్ ఆధ్వర్యంలో పనిచేసే శాండీ అనే పర్యావరణ అర్థశాస్త్ర కూటమి దక్షిణాసియా పరిశోధకులకు చిన్న గ్రాంట్లు, శిక్షణా తరగతులు అందిస్తూ వచ్చింది. డాక్టరేటుకు ముందే ఇలాంటి శిక్షణలో పాల్గొని ఉంటే ప్రతిపాదన నాణ్యతలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక అసలు పనికి వద్దాం. చాలామంది విద్యార్థులు మొదట రాసుకొచ్చే శీర్షిక ఈ ధోరణిలో ఉంటుంది: ‘తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ ప్రభావం – ఒక అధ్యయనం’. ఇది అంశం మాత్రమే, ఇందులో ప్రశ్న లేదు. ఎవరి మీద ప్రభావం, దేనితో పోల్చితే, ఏ కారణం చేత అన్న మూడూ ఇందులో లేవు. అంశం ప్రశ్నగా మారాలంటే దాని వెనక ఉన్న ఆర్థిక సంబంధాన్ని బయటికి తీయాలి. అదెలాగో ఈ ఉదాహరణతోనే చేసి చూద్దాం.

తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో మిషన్ కాకతీయను ప్రారంభించి, 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగుచేయాలని సంకల్పించింది. వేసవిలో పూడిక తీయడం, కట్టను బలపరచడం, తూములనూ అలుగులనూ మరమ్మతు చేయడం ఇందులోని పనులు. తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. చెరువులో నీళ్లు నిలిస్తే కింది ఆయకట్టుకు పారడమే కాక చుట్టుపక్కల బోర్లలోకి కూడా ఊట చేరుతుంది. ఇక్కడి దాకా ఇది ఇంజినీరింగ్ విషయం. అర్థశాస్త్రం మొదలయ్యేది ఆ ఊట పెరిగిన తరువాత రైతు ఏం చేస్తాడన్న చోట. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి విద్యుత్తు ఉచితం. మోటారు ఇంకో గంట నడిపినా రైతు చేతి నుంచి అదనంగా రూపాయి పోదు. కానీ అతను తోడిన నీటి వల్ల పక్క పొలం బోరులో మట్టం తగ్గుతుంది. ఆ నష్టం తోడిన వ్యక్తి లెక్కలో పడదు. 1920లో ఆంగ్ల అర్థశాస్త్రవేత్త పిగూ వివరించిన బాహ్య ప్రభావం అంటే ఇదే. కట్టుబాట్లతో ఉమ్మడి వనరును ప్రజలే కాపాడుకోగల సందర్భాలను చూపినందుకు 2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. చెరువు నీటికి మన ఊళ్లలో నీళ్లు పంచే నీరటికాడు, వంతుల పద్ధతి ఉన్నాయి, బోరు నీటికి అలాంటి కట్టుబాటు ఏదీ లేదు.

ఇప్పుడు ప్రశ్న తానంతట తానే రూపు కడుతుంది: ‘చెరువు బాగుపడటం వల్ల పెరిగిన భూగర్భజలం తరువాతి కరువు ఏడాదికి నిల్వగా మిగులుతోందా, లేక విద్యుత్తు ఉచితం కావడం వల్ల అదే ఏడాది అదనపు వరి సాగుకు ఖర్చయిపోతోందా?’ ఈ ప్రశ్నకు రెండు సమాధానాలూ సాధ్యమే. ఏది నిజమో ముందే చెప్పలేం. ఏది తేలినా విధానానికి పనికివచ్చే సంగతే. వాతావరణ మార్పుకు తట్టుకునే శక్తిని పెంచే పెట్టుబడులు నిజంగా పనిచేస్తాయా అన్న విస్తృత చర్చలో దీనికి చోటుంది కాబట్టి, తెలంగాణ పటం చూడని పరీక్షకుడికి కూడా దీని అవసరం అర్థమవుతుంది. ప్రశ్న సరైనదా కాదా అని తేల్చుకోవడానికి నేను చెప్పే పరీక్ష ఒక్కటే: జవాబు ‘అవును’ అయితే ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారు, ‘కాదు’ అయితే ఎవరు మార్చుకుంటారు అని రెండు వాక్యాలు రాయగలగాలి. రాయలేకపోతే మళ్లీ మొదటికి వెళ్లండి.

తరువాతి మెట్టు సమాచారం. అభివృద్ధి చెందుతున్న దేశంలో గణాంకాలు దొరకవన్న అపోహను పరీక్షకుల్లో తొలగించవలసిన బాధ్యత మీదే. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తుంది. చెరువులో నీరు ఎంత మేర పరుచుకుందో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో 30 మీటర్ల నిశితత్వంతోనూ, 2015 నుంచి వస్తున్న సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల నిశితత్వంతోనూ ఉచితంగా చూడవచ్చు. వానాకాలంలో మబ్బులు ఈ చిత్రాలకు అడ్డం వస్తాయి కనుక, రాడార్‌తో పనిచేసే సెంటినెల్-1ను కూడా వాడతామని ముందే రాయాలి. ఆ ఒక్క వాక్యం మీరు ఈ పని నిజంగా ఆలోచించారని చెబుతుంది. ఇంటింటి సమాచారం కోసం పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాలు ఉన్నాయి. అందులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. ప్రపంచమంతటి అభివృద్ధి అర్థశాస్త్రవేత్తలు వాడుకున్న ఈ సమాచారం బస్సెక్కితే చేరుకునే దూరంలో ఉన్నా, మన విద్యార్థుల ప్రతిపాదనల్లో దాని ప్రస్తావన అరుదుగా కనిపించడం నన్ను నిజంగా బాధిస్తుంది. అయితే రెండు మూడు ఊళ్ల సమాచారంతో రాష్ట్రమంతటికీ తీర్పు చెప్పలేం. రైతు ప్రవర్తన వెనక ఉన్న కారణాన్ని పరిశీలించడానికి మాత్రమే దాన్ని వాడుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన మెట్టు కారణాన్ని నిరూపించడం. ఎక్కువ ప్రతిపాదనలు ఇక్కడే వీగిపోతాయి కాబట్టి ఇక్కడ నిదానించండి. బాగుచేయక ముందు, తరువాత అని పోల్చితే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కానీ 2015లో తెలంగాణలో తీవ్రమైన కరువు. 2016 సెప్టెంబరులో కుండపోత వానలు. ఈ రెండేళ్లను పక్కపక్కన పెడితే చెరువు బాగుచేయని ఊళ్లో కూడా నీటిమట్టం పెరిగినట్టే కనిపిస్తుంది, ఆ ఘనత వానది. పోనీ బాగుచేసిన ఊరినీ చేయని ఊరినీ పోల్చుదామంటే, ఏ చెరువును ముందు తీసుకోవాలో చీటీలు వేసి నిర్ణయించలేదు. ఆయకట్టు పెద్దదైన ఊరో, పలుకుబడి ఉన్న ఊరో ముందు వరుసలో నిలిచి ఉండవచ్చు.

పని దశలవారీగా జరగడం మనకు ఇక్కడ కలిసివస్తుంది. మొదటి దశలో బాగుపడిన చెరువుల దగ్గర వచ్చిన మార్పును, తరువాతి దశల కోసం అప్పటికింకా ఎదురుచూస్తున్న చెరువుల దగ్గర వచ్చిన మార్పుతో పోల్చవచ్చు. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అని పిలిచే పద్ధతి ఇదే. రెండు గుంపులూ 2015కు ముందు ఒకే తీరున నడిచాయని చూపించడం దీనికి ప్రాణం. పాత ల్యాండ్‌శాట్ చిత్రాలూ పాత బావి లెక్కలూ ఉన్నాయి కాబట్టి పదేళ్ల వెనక్కి వెళ్లి చూపించవచ్చు. వేర్వేరు ఏళ్లలో మొదలైన పనులకు పాత పద్ధతిలో సగటు తీస్తే ఫలితం దారి తప్పవచ్చని అర్థశాస్త్రవేత్త గుడ్‌మన్-బేకన్ 2021లో ప్రచురించిన వ్యాసంలో చూపించారు; కాలవే, సంతన్నా అదే ఏడాది దానికి తగిన అంచనా పద్ధతిని ప్రచురించారు. ఈ సంగతి తెలుసునని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగండి, సూత్రాలు కుమ్మరించవద్దు.

అధ్యయన కాలాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించడం కూడా వాదనలో భాగమే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. అదే ఏడాది రైతుబంధు మొదలైంది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమయ్యాక చెరువుల్లోకి ఎత్తిపోతల నీరు కూడా వచ్చే అవకాశం ఏర్పడింది. వీటన్నిటినీ ఒకే అంచనాలో కలిపితే ఏ ఫలితం దేనిదో విడదీయలేం. అందుకని మొదటి అధ్యాయాన్ని 2017తో ఆపి, 2018 విద్యుత్తు మార్పును రెండో అధ్యాయానికి ప్రశ్నగా ఉంచడం నా సలహా: చెరువు బాగుపడిన ఊళ్లలో, బాగుపడని ఊళ్లలో ఆ మార్పుకు రైతులు వేర్వేరుగా స్పందించారా? డాక్టరేటు సిద్ధాంత వ్యాసంలో ఒకదాన్నుంచి ఒకటి పుట్టే అధ్యాయాలు ఉండాలని కోరేవారికి ఈ అమరిక నచ్చుతుంది.

పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇక్కడ మరొకరికి లేని బలం ఉంది. తూము చెడితే చెరువు నిండినా చివరి ఆయకట్టుకు నీరందదని, పూడిక తీయడమూ తూము బాగుచేయడమూ వేర్వేరు ఫలితాలనిస్తాయని, చెరువు గర్భంలోని శిఖం భూమిలో సాగుచేసుకునేవారికి చెరువు నిండటం నష్టమేనని మీకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఈ సంగతులు ప్రతిపాదనలో అనుభవ కథనంగా కాక, పరీక్షించదగిన ఊహలుగా రావాలి. శిఖం సాగుదారుల నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటామన్న ఒక్క పేరా, లాభాలను మాత్రమే లెక్కించే పది ప్రతిపాదనల మధ్య మీ కాగితాన్ని ప్రత్యేకంగా నిలబెడుతుంది.

ఖర్చుల పట్టిక, కాల ప్రణాళిక గురించి చెప్పవలసింది తక్కువ. క్షేత్ర పర్యటనకు వేసవి నెలలు, అంటే చెరువు ఎండి రైతుకు తీరిక ఉన్న కాలం, కేటాయించండి. అనువాదానికి డబ్బు అడగవలసిన పని లేదు. ఆ పని మీరే చేయగలరు.

ఈ పాఠానికి అభ్యాసం. మీ ఊళ్లోనో మీ బస్తీలోనో ఉన్న ఒక పర్యావరణ సమస్యను తీసుకోండి. మూసీ మురుగునీటితో పండే పశుగ్రాసం కావచ్చు, 2023లో రాష్ట్రం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కావచ్చు. ఎవరి ఖర్చు ఎవరి మీద పడుతోందో మొదటి వాక్యంలో, ప్రశ్నను రెండో వాక్యంలో, ఏ సమాచారం ఎక్కడ దొరుకుతుందో మూడో వాక్యంలో, దేనితో దేన్ని పోల్చుతారో నాలుగో వాక్యంలో రాయండి. ఆ తరువాత మీ జవాబు తప్పు కావడానికి గల మూడు కారణాలను విడిగా రాసి, అర్థశాస్త్రం చదవని స్నేహితుడికి చూపించండి. నాలుగో కారణం అతన్ని అడగండి. బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) గ్రంథాలయంలో తెలంగాణ మీద వచ్చిన పాత అధ్యయనాలు చూసి, మీ ప్రశ్నకు ఇప్పటికే సమాధానం వచ్చిందేమో నిర్ధారించుకున్నాకే ఈ నాలుగు వాక్యాలను రెండు పేజీలకు పెంచండి. పర్యవేక్షకుడికి రాసే మొదటి లేఖకు ఆ రెండు పేజీలు జతచేయాలి. నాలుగవ పాఠంలో ఆ లేఖను రాయడం నేర్చుకుంటాం.