మూగబోయిన హ్యామ్ సెట్‌ను ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

హ్యామ్ సెట్ అంటే లైసెన్సు ఉన్న ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. నేను మొదటిసారి ఆ సెట్ మూత విప్పింది అసలు విప్పాల్సిన పనే లేనప్పుడు. నల్లగొండ పక్కన మా ఊళ్లో ఒక ఎండాకాలం సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ మీద ఒక్క గొంతూ వినపడలేదు, అంతా బర్రుమని మోత. సెట్ పోయిందనుకుని రెండు రోజులు ఒక్కో ట్రాన్సిస్టర్ కొలుస్తూ కూర్చున్నాను. మూడో రోజు కరెంటు పోయింది. బ్యాటరీ మీద నడుస్తున్న అదే సెట్లో మాటలు గంట కొట్టినట్టు వినపడ్డాయి. తప్పు సెట్‌ది కాదు, పక్క చేనులో బోరు మోటరు స్టార్టర్‌ది. లోపల లూజు కాంటాక్ట్ స్పార్క్ కొడుతోంది.

అందుకే మొదటి పని స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కాదు, యాంటెన్నా వైరు పీకడం. మోత తగ్గిపోతే సెట్ బాగున్నట్టే, గోల బయట నుంచి వస్తోంది. జేబు రేడియోను మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి ఇంటి చుట్టూ తిరగండి. మోత ఎక్కడ పెరిగితే దొంగ అక్కడ ఉంటాడు. చాలాసార్లు అది చవక ఎల్‌ఈడీ బల్బో, చార్జరో అవుతుంది. మా పక్క చేను పెద్దాయనకు రేడియో సంగతి ఎత్తలేదు. "పెద్దయ్యా, స్టార్టర్ల స్పార్క్ కొడుతుంది, జర చూపెట్టుకోండ్రి, కాంటాక్టులు కాలిపోతయ్" అన్నాను. సాయంత్రానికి మెకానిక్‌ను పిలిపించాడు.

యాంటెన్నా పీకినా, పెట్టినా తేడా లేకపోతే అప్పుడు మూత విప్పాలి.

సర్క్యూట్ డయాగ్రామ్ దొరికే సెట్‌తో నేర్చుకోవడం మొదలుపెడితే సగం టెన్షన్ తగ్గుతుంది. కంపెనీ సెట్లకు సర్వీస్ మాన్యువల్ ఉంటుంది, ముందు అది వెతకండి. నేర్చుకోవడానికి మాత్రం బిట్‌ఎక్స్20 అనే ఇంట్లో కట్టుకునే హ్యామ్ సెట్‌ను మించింది నాకు కనపడలేదు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ మామూలు దుకాణాల్లో దొరికే విడిభాగాలతో దాన్ని రూపొందించి, సర్క్యూట్‌ను అందరి ముందూ పెట్టారు. వినడానికీ మాట్లాడడానికీ చాలావరకు అవే స్టేజీలు, అంటే సర్క్యూట్‌లో ఒక్కో పని చేసే భాగాలు, వాడుకుంటుంది. కాబట్టి రిసీవ్ బాగుండి ట్రాన్స్‌మిట్ ఒక్కటే పోతే, వెతకాల్సిన చోటు అప్పటికే సగానికి తగ్గినట్టు.

కరెంటు ఇచ్చే ముందు

12 వోల్టుల బ్యాటరీ ప్లస్ వైరులో ఒక ఫ్యూజు, దాని తర్వాత బైక్ బ్రేక్ లైటు బల్బు సిరీస్‌లో పెట్టండి. 21 వాట్ల బల్బు కాబట్టి లోపల ఎంత షార్ట్ ఉన్నా రెండు ఆంపియర్లు దాటి పోనివ్వదు. బల్బు భగ్గుమని వెలిగితే షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. చిన్న సెట్ వింటున్నప్పుడు తీసుకునే కరెంటుకు ఫిలమెంట్ కొద్దిగా ఎర్రబడితే గొప్ప. పది రూపాయల బల్బు నాకు ఎన్ని ట్రాన్సిస్టర్లు మిగిల్చిందో లెక్కే లేదు.

వాల్వుల కాలం నాటి సెట్ అయితే లోపల వందల వోల్టులుంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

కళ్లతో, ముక్కుతో

పగటి వెలుతురులో బోర్డు చూడండి. పైభాగం ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన రెసిస్టర్, కాలిన వాసన, చుట్టూ రింగులా పగిలిన డ్రై సోల్డరింగ్ ఇట్టే పట్టుబడతాయి. మా దగ్గర ఎండకు రేకుల గదిలో ఉంచిన సెట్లలో కెపాసిటర్లు తొందరగా ఎండిపోతాయి. చీమలు, బల్లి గుడ్లు కూడా చూశాను, నవ్వులాటకు చెప్పడం లేదు.

స్పీకర్ నుంచి వెనక్కి

ఏ స్టేజీ చచ్చిందో పట్టాలంటే స్పీకర్ వైపు నుంచి వెనక్కి నడవాలి. వాల్యూమ్ పెంచి, స్క్రూడ్రైవర్ ఇనుప భాగానికి వేలు ఆనించి, వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలును తాకండి. బుర్రుమంటే ఆడియో బాగుంది. ఏమీ రాకపోతే తప్పు అక్కడి నుంచి స్పీకర్ మధ్యలోనే ఉంది, మిగతా బోర్డు జోలికి పోనక్కర్లేదు.

ఆడియో బాగుంటే ఆసిలేటర్, అంటే సెట్ ఏ ఫ్రీక్వెన్సీ వినాలో నిర్ణయించే సిగ్నల్ పుట్టించే స్టేజీ, చూడాలి. బిట్‌ఎక్స్20లో అది 4 మెగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది. షార్ట్‌వేవ్ రేడియోను సెట్ పక్కనే పెట్టి ఆ చుట్టుపక్కల మెల్లగా తిప్పండి. ఒకచోట హిస్సుమనే చప్పుడు ఠక్కున ఆగి నిశ్శబ్దమైపోతుంది. అదే ఆసిలేటర్. ఇప్పుడు సెట్ డయల్ కాస్త తిప్పితే ఆ నిశ్శబ్దం కూడా జరుగుతుంది. సిగ్నల్‌ను తెర మీద చూపించే ఆసిలోస్కోప్ లేని ఇంట్లో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఆ తర్వాత ఒక్కో ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ అనే కాళ్ల మధ్య మల్టీమీటరుతో కొలవండి. సిలికాన్‌కు 0.6 నుంచి 0.7 వోల్టులు రావాలి. సున్నా వచ్చినా, రెండు మూడు వోల్టులు వచ్చినా ఆగి అక్కడే చూడండి.

సెట్‌ను వినడం నుంచి మాట్లాడడానికి మార్చే స్విచ్ లాంటి రిలే కూడా చాలామందిని మోసం చేస్తుంది. ట్రాన్స్‌మిట్ బాగుండి రిసీవ్ మాత్రం నీరసంగా ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో రిలేను తట్టండి. వినికిడి ఒక్కసారి పెరిగితే కాంటాక్టులు మురికి పట్టాయి. మూత తీసే రకమైతే విజిటింగ్ కార్డు అంచును సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, కాంటాక్టుల మధ్య రెండుసార్లు లాగితే చాలు. కార్డు మీద నల్లటి గీత పడుతుంది. గరుకు కాగితం మాత్రం వద్దు, కాంటాక్ట్ మీది పూత లేచిపోతుంది.

ట్రాన్స్‌మిట్ వైపు

గాలిలోకి పంపాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు, దానితో వచ్చే గుర్తింపు పేరు (కాల్‌సైన్) ఉండాల్సిందే. బల్ల మీద పరీక్షకు యాంటెన్నా బదులు తగిలించే డమ్మీ లోడ్ చేసుకోండి: 1000 ఓమ్, 1 వాట్ రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన సమాంతరంగా కలిపితే 50 ఓమ్, 20 వాట్లు. వైరు చుట్టిన రకం పనికిరాదు.

చిన్న సెట్లలో ఎక్కువగా పోయేది చివరి ట్రాన్సిస్టర్, సాధారణంగా ఐఆర్‌ఎఫ్510. యాంటెన్నా లేకుండా బటన్ నొక్కితే దాని పని అయిపోయినట్టే. బోర్డు నుంచి విప్పి కొలిస్తే గేటు, సోర్సు అనే కాళ్ల మధ్య ఏ దారీ ఉండకూడదు, బీప్ వస్తే పోయింది. కొత్తది హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. రెండు మూడు తీసుకుని మీటరుతో అక్కడే చూసుకోండి, మళ్లీ బస్సెక్కే పని తప్పుతుంది. దాని వీపు రేకు డ్రెయిన్ అనే మూడో కాలికే కలిసి ఉంటుంది కాబట్టి వేడి లాగే హీట్‌సింక్‌కు బిగించేటప్పుడు మధ్యలో కరెంటు పారనివ్వని మైకా ముక్క మరవద్దు. బయాస్ ప్రీసెట్‌ను (ఆ ట్రాన్సిస్టర్ ఊరికే ఉన్నప్పుడు లాగే కరెంటును సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) పూర్తిగా తగ్గించి, సిరీస్ బల్బు తీసేసి, దాని స్థానంలో కరెంటు కొలిచేలా మీటరు పెట్టి, మైకులో మాట్లాడకుండా బటన్ నొక్కండి. అప్పుడు మీటరు చూపే కరెంటు మీద 100 మిల్లీ ఆంపియర్లు పెరిగేదాకా ప్రీసెట్‌ను నెమ్మదిగా తిప్పి ఆపండి.

డయాగ్రామ్ లేని బోర్డయితే

మనమే గీసుకోవాలి. ఓపిక పని, కానీ నాకు బాగా నచ్చే పని. బోర్డు రెండు వైపులా ఫొటో తీసి, కింది వైపు ఫొటోను ఫోన్‌లో అద్దంలా తిప్పండి. బోర్డు వెనక టార్చి పెడితే ట్రాకులు నీడలా కనపడతాయి. ముందు గ్రౌండు, తర్వాత ప్లస్ లైను రంగు పెన్సిళ్లతో గీయండి. ఐసీల మీద నంబరు చూసి వాటి డేటాషీటులో కాళ్ల వరస రాసుకోండి. మిగిలినవి మీటరు బీప్‌తో ఒక్కోటీ కలపండి. మొదటి గీత గజిబిజిగానే వస్తుంది. మరుసటి రోజు శుభ్రంగా తిరగ్గీస్తే, రాత్రి అర్థం కాని స్టేజీ ఏంటో దానంతట అదే తెలుస్తుంది.

మార్పులు

ట్రాకు కోయకుండా, వెనక్కి తీసుకునే వీలున్న మార్పులే చేయండి. మొదటిది: సప్లై వైరులో ఫ్యూజు, దాని తర్వాత ప్లస్, మైనస్‌ల మధ్య తిరగేసి ఒక డయోడ్. బ్యాటరీ తప్పుగా తగిలిస్తే ఫ్యూజు పోతుంది, సెట్ బతుకుతుంది. రెండోది: హీట్‌సింక్ మీద పాత కంప్యూటర్ ఫ్యాన్. మే నెలలో ఇది సోకు కాదు, అవసరం. హ్యామ్ బ్యాండ్ బయట కూడా ట్రాన్స్‌మిట్ అయ్యేలా జంపర్ (బోర్డు మీది చిన్న లింకు) తీసేసే చిట్కాలు ఎవరైనా చెప్తే చేతులు జోడించి పంపేయండి, అది చట్టవిరుద్ధం.

ఏ తేదీన ఏం మార్చారో చిన్న కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. నా సెట్లో అలాంటి కాగితాలు నాలుగున్నాయి. మొదటిదాని మీద "సెట్ బాగుంది, స్టార్టర్ బాగాలేదు" అని ఉంది.