మడ అడవి కంటే ముందు మావయ్య గేదెలు: ఆర్‌లో జంతువుల సావాసాలు లెక్కగట్టడం

కోరింగ మడ అడవిలో ఏ బావురుపిల్లి ఎటు తిరుగుతోంది, ఏ నీటికుక్క ఎవరి జట్టు అని లెక్కగట్టాలని సరదాగా ఉందా? వాటి మెడకి జీపీఎస్ కాలర్ వేయడం మన ఇష్టం కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. కానీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నేను తాళ్లరేవు దగ్గర మా మావయ్య గేదెల మీద నేర్చుకున్నాను. ఆరు గేదెలు, ఆరు చవక జీపీఎస్‌లు, పది రోజులు. గేదెలు లేకపోతే స్పాట్‌సాక్ (spatsoc) అనే ఆర్ ప్యాకేజీతో పాటే పది జంతువుల డేటా వస్తుంది, దాంతో కానివ్వండి.

కావలసినవి ఆర్ (R) అనే లెక్కల ప్రోగ్రామింగ్ భాష, అందులో కోడ్ రాసుకోడానికి ఆర్‌స్టూడియో. రెండూ ఉచితమే. స్పాట్‌సాక్ జీపీఎస్ పాయింట్లని గుంపులుగా విడదీస్తుంది, ఆస్నైప్ (asnipe) అనే ప్యాకేజీ ఆ గుంపుల్ని నెట్‌వర్క్‌గా, అంటే ఎవరు ఎవరితో ఎంత కలిసుంటారో చెప్పే పట్టికగా మారుస్తుంది, ఐగ్రాఫ్ (igraph) అనే ప్యాకేజీ దాని బొమ్మ గీస్తుంది. కోడ్ అంటే భయమున్నవాళ్లు బొమ్మ వరకు గెఫీ (Gephi) అనే సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవచ్చు.

ముందు టైము సరిచూడండి. నా ట్రాకర్లలో రెండు మన టైము రాస్తుంటే నాలుగు యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక టైము రాస్తున్నాయి, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. మధ్యాహ్నం పన్నెండున్నరకి చెరువులో పడే గేదె ఫైల్లో పొద్దున ఏడింటికే ఈదుతోంది, ఆ టైముకి మావయ్య దాని పాలు పితుకుతుంటాడు! ఇది పట్టుకోడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తర్వాత అక్షాంశ రేఖాంశాల్ని మీటర్లలోకి మార్చాలి. అందుకు భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి ఉంది. మన గోదావరి డెల్టాకి యూటీఎం 44 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాల్సిన దాని నంబరు (ఈపీఎస్‌జీ కోడ్) 32644.

ఇక అసలు పని. స్పాట్‌సాక్‌లో గ్రూప్ టైమ్స్ (group_times) అనే ఫంక్షన్ దగ్గరదగ్గర టైముల్ని ఒక మూటగా కడుతుంది, గ్రూప్ పాయింట్స్ (group_pts) ఆ మూటలో మీరిచ్చిన దూరం లోపున్న జంతువుల్ని ఒక గుంపు చేస్తుంది. నేను 50 మీటర్లు ఇచ్చాను. కాలవగట్టు మీద గేదెలు వరసగా నడుస్తుంటే మొదటిదానికి రెండోది 40 మీటర్లు, రెండోదానికి మూడోది 40, ఇలా చివరిదాకా గొలుసు సాగి, 200 మీటర్ల దూరంలో ఉన్న ముందుదీ ఆఖరుదీ కూడా ఒకే గుంపైపోయాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, అది పనిచేసే పద్ధతే అంత. మీకు జంటలే కావాలంటే ఎడ్జ్ డిస్ట్ (edge_dist) అనే ఫంక్షన్ వాడండి, అది ఏ రెండింటి మధ్య దూరం వాటికే చూస్తుంది.

ఇంకో చిక్కు మన ప్రాంతానిది. సాఫ్ట్‌వేర్‌కి తిన్నగా గీసిన గీత దూరం తెలుసుగానీ మధ్యలో పాయ తెలీదు. అటొడ్డున ఒక నక్క, ఇటొడ్డున ఒక నక్క, మధ్యలో 30 మీటర్ల నీళ్లున్నా రెండూ కలిసున్నాయనే రాస్తుంది. పోటు వచ్చినప్పుడు పొడిగా మిగిలిన ఒక్క దిబ్బ మీదకి అన్నీ చేరితే దాన్నీ స్నేహం అంటుంది. అందుకే పాయల మ్యాప్, పోటు ఆటు టైములు పక్కన పెట్టుకోకుండా మడ అడవి డేటా మీద ఏమీ తేల్చకండి.

జంతువుల్ని కలిపింది చోటా, సావాసమా అని తేల్చడానికి కొంత మందు స్పాట్‌సాక్‌లోని రాండమైజేషన్స్ ఫంక్షన్. అందులో ట్రాజెక్టరీ పద్ధతి ఒక్కో జంతువు రోజుల్ని అటూ ఇటూ కలిపేస్తుంది, గంటలు మాత్రం కదలవు. మంగళవారం నడకని శుక్రవారానికి మార్చినా రెండు గేదెలు మధ్యాహ్నం ఒకేచోట తేలాయంటే వాటిని కలిపేది ఆ టైముకి ఆ చెరువే, సావాసం కాదు. వెయ్యిసార్లు కలిపి చూడండి, అసలు డేటాలో బంధం వాటన్నిటికంటే బలంగా ఉంటేనే నమ్మండి.

నాకు అలా రెండు జంటలే నిలిచాయి. ఒకటి తల్లీ పెయ్యా. రెండోది నాకు అంతుపట్టక బొమ్మ చూపిస్తే మావయ్య నవ్వి, "ఆ రెండింటినీ చిన్నప్పట్నుంచి ఒకే గాటన కట్టేవాణ్ణిరా" అన్నాడు.