టేబుల్ దగ్గర నిలబడేవాళ్ల నోటి నుంచి ఐడియా రావాలంటే

భీమవరం పక్కన రొయ్యల ప్లాంటులో ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌ని. కొత్తగా సూపర్‌వైజర్లయిన పిల్లలు తరచూ నా దగ్గరికొచ్చి ఒకటే గోడు చెబుతారు: "మీటింగ్ పెట్టి, మీ ఐడియాలు చెప్పండమ్మా అంటే ఒక్కరూ నోరు విప్పరు మేడం. 'ఆయ్, అలాగేనండి' అనేసి పోతారు." కొబ్బరి పీచు యూనిట్లు నడిపేవాళ్లూ, రైస్ మిల్లులవాళ్లూ ఇదే అంటుంటారు. నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను. మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు కూలి సంగతి తేల్చండి. మీటింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రొయ్య వలిచేవాళ్లకు చాలాచోట్ల కిలో లెక్కన కూలి. ఒకావిడకు చేయి కాస్త తిప్పి పట్టుకుంటే పొట్టు త్వరగా ఊడే ఉపాయం తట్టిందనుకోండి. పైకి చెబితే ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. నెల తిరక్కుండా కిలో రేటు తగ్గిస్తారు, లేదంటే టేబుల్‌కి ఇద్దరిని మానిపిస్తారు. అందుకే ఆ ఉపాయం తోడికోడలికి నేర్పుతుంది, మీకు చెప్పదు. ఆమె లెక్క ఆమెది, అందులో తప్పేం లేదు. కాబట్టి యజమానిని కూర్చోబెట్టి రెండు మాటలు తీసుకోండి. పని త్వరగా అయినా ఈ సీజన్‌లో రేటు తగ్గించకూడదు, ఎవరినీ మానిపించకూడదు. ఆ రెండూ హాలు బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. యజమాని ఒప్పుకోలేదా, ఐడియాల మాట ఎత్తకండి. ఎత్తితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

సలహాల పెట్టె గురించి ఒక్క మాట. టయోటావాళ్లు 1951లోనే కార్మికుల సూచనల పథకం పెట్టారని చదివి, మనవాళ్లు గేటు దగ్గర తాళం వేసిన పెట్టె తగిలిస్తారు. మా హాల్లోకి పెన్ను రానివ్వం, గాజులూ ఉంగరాలూ రానివ్వం. చేతులకు గ్లౌజులు, ఆ గ్లౌజుల నిండా ఐసు నీళ్లు. ఇంక ఎవరు రాస్తారండీ? నోటితో చెప్పించుకోండి. రాసుకునే పని మీది.

ఇక అడగడం. "ఐడియా ఉందా" అంటే పరీక్ష పెట్టినట్టు బిగుసుకుపోతారు. "సాయంత్రానికి మీకెక్కడ పీకుతోంది పిన్నీ?" అని అడిగి చూడండి, మాటలు వాటంతటవే వస్తాయి. ఆలేరువైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది, చీరకి ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, వాళ్లమ్మ భుజం పడిపోతుంటే చూడలేకే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బుర్రలోకి ఆ యంత్రం వచ్చిన దారి నొప్పే. మా హాల్లో వచ్చిన జవాబులూ అలాంటివే: టబ్బు ఎత్తితే భుజం, పొట్టిగా ఉన్నవాళ్లకి టేబుల్ ఎత్తు, తూకం దగ్గర లైన్లో నిలబడితే కాళ్లు.

ఈ తూకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గిన్నె నిండగానే ఎవరి మాంసం వాళ్లు పట్టుకెళ్లి కాటా మీద పెట్టి, చీటీలో రాయించుకోవాలి. టీ గంట ముందు అందరూ ఒకేసారి లేస్తారు. లైను గోడదాకా పోతుంది. వలిచిన రొయ్య చేతుల్లోనే వేడెక్కుతుంటుంది, క్వాలిటీవాళ్లు నా మీద అరుస్తుంటారు. చివరి టేబుల్‌లో ఒకావిడ అంది, "మేం కాటా దగ్గరికి పోయే బదులు కాటానే మా దగ్గరికి రావొచ్చు కదండీ." వెంటనే కాటాని ట్రాలీ మీదకెక్కించి తిప్పాం. మొదటి పూటే గొడవ. మా ఫ్లోర్ నీళ్లు పోవడానికి కాలువవైపు వాలుగా ఉంటుంది. ట్రాలీ ఎక్కడ ఆపితే అక్కడో బరువు చూపించింది. కూలి తూకం మీదే కదా, ఊరుకుంటారా?

చాలామంది ఇక్కడే "చూశారా, కుదరదన్నానా" అని ఐడియాని మూలన పడేస్తారు. మీరలా చేయకండి. కాటా తిప్పడంలో తప్పు లేదు, తప్పంతా వాలుది. మా మెకానిక్‌ని పిలిచి ఆవిడ పక్కనే నిలబెట్టాను. ఇద్దరూ మాట్లాడుకుని చక్రాలు తీసేశారు. హాలు మధ్యలో ఒక చోటు ఖాయం చేసి, మరతో ఎత్తు సరిచేసుకునే కాళ్లు బిగించి, నీటిమట్టం చూసి రెండో కాటా పెట్టారు. తూకం రాళ్లు పెట్టి అందరి ఎదుటా చూపించాం. లైను సగమైంది. ఐడియా ఇచ్చిన మనిషినీ, దాన్ని చేసే మనిషినీ ఒకేచోట నిలబెట్టడం, ఇన్‌ఛార్జ్ పనిలో నాకు తెలిసినంతలో ఇదే ముఖ్యమైనది.

గుంపులో అడగాలా, విడివిడిగానా? బ్రెయిన్‌స్టార్మింగ్ అన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికా ప్రకటనల కంపెనీ ఆయన. అందరూ కూర్చుని, ఎవరి మాటా కొట్టిపారేయకుండా తోచింది చెప్పుకుంటూ పోవడం. 1958లో యేల్ యూనివర్సిటీవాళ్లు దాన్ని పరీక్షించారు. కలిసి కూర్చున్న నలుగురికంటే, విడివిడిగా ఆలోచించిన వేరే నలుగురి ఐడియాలు కలిపి చూస్తే ఎక్కువ వచ్చాయి. మా హాల్లో అయితే పరిశోధన కూడా అక్కర్లేదు. పెద్దావిడ ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు తలూపుతారు. ముందు టేబుల్ టేబుల్‌కీ వెళ్లి ఒక్కొక్కరినీ అడగండి, తర్వాతే అందరినీ కూర్చోబెట్టి ఏది ముందు చేద్దామో తేల్చండి. కొత్తగా చేరినవాళ్లని మొదటివారంలోనే అడగాలి. తర్వాత వాళ్ల కళ్లూ అలవాటుపడిపోతాయి.

ట్రయల్ ఎప్పుడూ చిన్నదే. ఒక టేబుల్, ఒక పూట. పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: రెండు టేబుళ్లకీ ఒకే కౌంట్ రొయ్య ఇవ్వాలి. 30 కౌంట్ అంటే కిలోకి ముప్పై తూగుతాయి, 60 కౌంట్ అయితే అరవై. చిన్న రొయ్య కిలో వలవడానికి ఎక్కువసేపు పడుతుందని వేరే చెప్పాలా? అది చూసుకోకుండా కొత్త పద్ధతి బాగుందనో బాలేదనో తేల్చేస్తే ఆ లెక్క నీటిమూటే. తూచే ముందు నీళ్లు ఒకే తీరుగా వడకట్టాలి కూడా. ట్రయల్‌కి లోడు తక్కువున్న రోజు చూసుకోండి, ఆ పూటకి కిలో లెక్క కాకుండా రోజుకూలి ఇప్పించండి. మీ ప్రయోగానికి వాళ్లెందుకు నష్టపోవాలి?

అన్నీ ప్రయోగాలకి వదిలేయలేం. రొయ్య చల్లదనం, క్లోరిన్ నీళ్లు, మెటల్ డిటెక్టర్, వీటిని తాకే ఐడియా ఏదైనా ముందు క్వాలిటీ అమ్మాయి చేతికి వెళ్లాలి. ఆ సంగతి మొదటిరోజే చెప్పేయండి, తర్వాత అలకలుండవు.

చెప్పిన ప్రతి మాటకీ వారంలోపు జవాబు వెళ్లాలి. చేస్తున్నాం, చేయట్లేదు, ఇంకా చూస్తున్నాం, ఈ మూడింట్లో ఏదో ఒకటి. "చేయట్లేదు" అయితే కారణం మనిషి ముఖాన చెప్పండి, సూపర్‌వైజర్‌తో కబురు పంపొద్దు. యజమాని వచ్చినప్పుడు "మేం రెండో కాటా పెట్టించామండి" అనకండి. ఫలానా టేబుల్ ఫలానా ఆవిడ చెప్పిందని, ఆవిడ వింటుండగా చెప్పండి.

బహుమతులు పెట్టాలా అని అడుగుతారు. పెద్ద మొత్తం పెడితే ఐడియా నాదంటే నాదని జుట్లు పట్టుకుంటారు, నాకది ఇష్టం లేదు. పని సులువైతే వచ్చే లాభంలో కొంత మొత్తం టేబుల్‌కి పండక్కి ఇప్పించండి. యజమాని గునిస్తే ట్రయల్ రోజు రెండు టేబుళ్ల చీటీలూ పక్కపక్కన పెట్టి, సంక్రాంతికి నెల ముందే ఆయన బల్ల మీద ఉంచండి. పండగ వారంలో అడిగితే ఎవరూ వినిపించుకోరు.