హీటింగ్ ఆన్‌లోనే ఉంది, ఇల్లే వేడెక్కడం లేదు

మాది విశాఖపట్నం. తెల్లవారుజామున ఫ్యాను ఒక పాయింటు తగ్గించుకోవాల్సి వస్తే, అబ్బో చలికాలం వచ్చేసింది అనుకునేవాళ్లం. అలాంటివాణ్ని జనవరిలో ఇంగ్లండ్‌లో దిగి, కోవెంట్రీలో ఎర్ర ఇటుకల పాత ఇంట్లో మరో నలుగురితో కలిసి చేరాను. మొదటి సాయంత్రమే హాల్లో గోడకున్న థర్మోస్టాట్‌ని, అంటే ఇల్లు ఎన్ని డిగ్రీలుండాలో పెట్టే మీటని, 30కి తిప్పేశాం. గంటయింది, రెండు గంటలయింది, అంకె 16 దగ్గరే ఉంది. జాకెట్లు వేసుకునే అన్నాలు తిన్నాం.

ఎండన పడి ఇంటికి రాగానే ఏసీని 16కి పెట్టేస్తాం చూడండి, ఇదీ అదే అలవాటు. మామూలు థర్మోస్టాట్ ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది కాదు. ఎక్కువ తిప్పినంత మాత్రాన వేడి తొందరగా రాదు. ఎక్కడికి చేరాక ఆగాలో బాయిలర్‌కి, అంటే గ్యాస్‌తో నీళ్లు కాచి ఇల్లంతా పంపే పెట్టెకి, చెప్పడమే దాని పని. 20 పెట్టినా 30 పెట్టినా ఇల్లు వేడెక్కే వేగం ఒకటే. 30 పెట్టి మర్చిపోతే మాత్రం బిల్లు వచ్చినప్పుడు గుర్తొస్తుంది. 18 నుంచి 21 మధ్య పెట్టి వదిలేయండి. అప్పటికీ ఇల్లు అక్కడిదాకా రావట్లేదంటే వేడి దారిలో ఎక్కడో ఆగిపోతోందన్నమాట. ఎక్కడ ఆగిందో వెతకాలి. అందుకు చాలావరకు మీ చెయ్యి చాలు.

దానికంటే ముందు ఒకసారి మీటరు చూసి రండి. కొన్ని అద్దె ఇళ్లలో ప్రీపెయిడ్ మీటర్లుంటాయి, ముందే డబ్బులు వేసి టాపప్ చేసుకోవాలి. నేను ఒక రాత్రి బాయిలర్ ముందు నిలబడి అరగంటసేపు దాని మాన్యువల్ చదివాను. తీరా చూస్తే మీటర్లో డబ్బులైపోయాయి.

మీటరు బాగానే ఉంటే బాయిలర్ మీద ప్రెషర్, అంటే లోపలి నీళ్ల ఒత్తిడి, చూడండి. గుండ్రటి డయల్ గానీ డిజిటల్ అంకె గానీ ఉంటుంది. హీటింగ్ వేయకముందు, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. బాగా పడిపోతే బాయిలర్ దానంతట అదే ఆగిపోతుంది. చాలా బాయిలర్ల కింద వెండి రంగు జడలాగా అల్లిన చిన్న గొట్టం ఉంటుంది, దాని కుళాయిలు మెల్లగా తిప్పితే నీళ్లెక్కి ప్రెషర్ పెరుగుతుంది. ముందు ఇంటి ఓనర్‌నో ఏజెంట్‌నో ఒక మాట అడిగి, వాళ్లు సరేనంటేనే చేయండి. 1.5 దాటకుండా ఆపి, కుళాయిలు గట్టిగా కట్టేయండి. మర్చిపోతే ప్రెషర్ 3 దాకా పోయి, బయట గోడకున్న పైపులోంచి నీళ్లు కారడం మొదలవుతుంది. ప్రతి వారం నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. అది ఓనర్ చూసుకోవాల్సిన పని.

ఇక హీటింగ్ వేసి, అరగంట ఆగి, గది గదికీ వెళ్లి రేడియేటర్లు, అంటే వేడినీళ్లు తిరిగే గోడ పలకలు, తాకి చూడండి. పిల్లలకి జ్వరముందేమోనని నుదురు తాకినట్టే, కాకపోతే చెయ్యి చటుక్కున తీసేయాలి, కాలుతుంది.

కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరింది. మా ఇంట్లో జరిగింది ఇదే. హార్డ్‌వేర్ షాపులో రేడియేటర్ కీ అని చిన్న తాళంచెవి లాంటిది దొరుకుతుంది, ఒకటి రెండు పౌండ్లుంటుంది. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారేదాకా ఆగాలి. పైమూల పక్కన చిన్న చదరపు మేకు ఉంటుంది. దానికి కీ తగిలించి, కింద గిన్నె పెట్టి, చేతిలో పాత గుడ్డ పట్టుకుని, ఎడమకి అరచుట్టు తిప్పాలి, అంతే. మా రూమ్మేట్ లుంగీ ముక్క పట్టుకుని కూర్చుంటే నేను తిప్పాను. కుక్కర్ విజిల్‌కి ముందొచ్చే చప్పుడులా స్‌స్ అని నిమిషం పాటు గాలి వచ్చింది. తర్వాత చుక్క చుక్కగా నల్లటి నీళ్లు. నీళ్లు రాగానే బిగించేయాలి. ఆ నలుపు లుంగీకి పోలేదు. గాలి పోయాక ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి డయల్ మళ్లీ చూసుకోండి.

పైన వేడిగా ఉండి, కింద మధ్యలో చల్లగా ఉంటే గాలి కాదు, అడుగున తుప్పు మడ్డి పేరుకుంది. మెషిన్‌తో కడిగించాలి, మన చేతిలో పని కాదు. ఒక్క రేడియేటరే పూర్తిగా చల్లగా ఉంటే పక్కనున్న వాల్వ్ చూడండి. దాని మీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి, 3 అంటే సుమారు 20 డిగ్రీలు. ఇవి కూడా వేగం అంకెలు కావు. వేసవంతా మూసి ఉంచితే లోపలి పిన్ను ఇరుక్కుపోతుంది. తల భాగం చేత్తో విప్పి, పిన్నుని మెల్లగా నొక్కి చూడండి, స్ప్రింగులా తిరిగి పైకి రావాలి. రాకపోతే పక్కన చిన్నగా తట్టండి. పట్టకారుతో మాత్రం లాగకండి, ఊడివస్తే గదంతా నీళ్లు.

రేడియేటర్లన్నీ బాగానే ఉన్నాయి, పొద్దున పూట మాత్రమే చల్లబడుతున్నాయి అంటారా? ఇది మనవాళ్లు గుంపుగా ఉండే ఇళ్లలో మరీ ఎక్కువ. ఇక్కడ చాలా ఇళ్లలో ఉండేది కాంబీ బాయిలర్. కుళాయికీ రేడియేటర్లకీ వేడినీళ్లు అదొక్కటే ఇవ్వాలి, రెండూ ఒకేసారి ఇవ్వలేదు. షవర్ తిప్పగానే రేడియేటర్లకి ఆపేసి అటు పంపుతుంది. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఐదుగురం వరసగా స్నానాలు చేస్తుంటే ఇల్లు ఎక్కడ వేడెక్కుతుంది? మేం టైమర్‌ని ఐదున్నరకి మార్చాక ఆ గొడవ తగ్గింది.

ఇంకొకటి గోడలు. 1920కి ముందు ఒకదానికొకటి ఆనించి కట్టిన వరస ఇళ్లలో చాలావాటికి తొమ్మిదంగుళాల ఇటుక గోడే, మధ్యలో ఖాళీ ఉండదు. ముందు ఆ ఇటుక వేడి తాగాలి, తర్వాతే మనకి. ఆదిలాబాద్ వాళ్లు చలి మాకు కొత్తా అంటారు, నిజమే, కానీ అక్కడ పొద్దెక్కితే గోడ వేడెక్కుతుంది. ఇక్కడ డిసెంబరులో నాలుగింటికే చీకటి. రోజంతా ఆపేసి సాయంత్రం ఒక్కసారిగా వేస్తే అలాంటి ఇల్లు అందుకోలేదు. ఇంటికి చేరే గంట ముందే మొదలయ్యేలా టైమర్ పెట్టుకోండి.

రేడియేటర్‌కి ఆనించి సోఫా వేయకండి, కర్టెన్ దాని మీదికి వేలాడనివ్వకండి. వేడి సోఫా వీపుకీ కిటికీ అద్దానికీ పోతుంది. బట్టలు దాని మీద ఆరేయడం అందరం చేసే తప్పే, నేనూ చేశాను. ఆ తడి గాల్లో కలిసి, చల్లటి గోడ మూలన నల్లగా బూజు పట్టింది. అన్నం, సాంబారు ఉడుకుతున్నంతసేపూ వంటింటి ఫ్యాను వేసి తలుపు మూయండి. తలుపు కింద సందుకి పాత చీర చుట్టగా చుట్టి పెడితే చాలు, కొన్నది అక్కర్లేదు. కిటికీ పైనుండే సన్నటి గాలి రంధ్రాల్నీ గోడలో ఉండే జాలీల్నీ మాత్రం టేపు వేసి మూయకండి.

అపార్ట్‌మెంట్లలో గ్యాస్ లేకుండా గోడకి బరువైన కరెంటు పెట్టెలుంటే అవి స్టోరేజ్ హీటర్లు. రాత్రి చౌక కరెంటుతో లోపలి ఇటుకల్ని వేడి చేసుకుని, పగలు వదులుతాయి. పొద్దున అవుట్‌పుట్ మీటని (వేడి ఎంత వదలాలో పెట్టేది) పూర్తిగా తిప్పేస్తే సాయంత్రానికి ఏమీ మిగలదు. కొత్త ఇళ్లలో హీట్ పంప్ (బయటి గాల్లోంచి వేడి లాగి ఇంట్లోకి తెచ్చే యంత్రం) ఉంటే రేడియేటర్ గోరువెచ్చగానే ఉంటుంది, అది పాడైనట్టు కాదు. దాన్ని ఆపి వేసి ఆపి వేసి చేయకుండా నడవనివ్వాలి.

తట్టుకోలేక ఫ్యాన్ హీటర్ కొనుక్కుంటాం. రెండు కిలోవాట్లది గంటకి రెండు యూనిట్లు తాగుతుంది. ఇక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాస్ కంటే సుమారు నాలుగు రెట్లు. ఒక్క గదికి, కాసేపటికైతే సరే. బొగ్గుల కుంపటి గానీ బార్బెక్యూ గానీ ఇంట్లోకి తేవద్దు, ఓవెన్ తలుపు తెరిచి చలి కాచుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాయిలర్ ఉన్న గదిలో ఆ వాయువుని పసిగట్టే అలారం పెట్టడం ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి ఓనర్ బాధ్యత. లేకపోతే అడగండి. బాయిలర్ మూత మీరు విప్పకండి, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేసే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) ఉన్న మనిషే ముట్టుకోవాలి. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తీసి, బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999కి ఫోన్ చేయండి.

అద్దెకుంటున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో హీటింగ్, వేడినీళ్లు పనిచేసేలా ఉంచాల్సింది ఓనరే, 1985 నాటి చట్టమే ఉంది. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి ఆ కాగితం మీకివ్వాలి. మాకు ఏజెంట్ ఫోన్‌లో రేపు అన్నాడు, ఎల్లుండి అన్నాడు, మూడు వారాలు గడిచాయి. ఆఖరికి ప్రతి గదిలో టెంపరేచర్ ఫొటో తీసి, తేదీలతో ఈమెయిల్ పెట్టాం. రెండో రోజే మెకానిక్ వచ్చాడు. మీ ఓనరో ఏజెంటో అప్పటికీ కదలకపోతే, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) లో ఇళ్ల పరిస్థితి చూసే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లకి రాయొచ్చు. కోపంతో అద్దె ఆపకండి, అది మీ మెడకే చుట్టుకుంటుంది.

సెప్టెంబరులో దిగేవాళ్లయితే, తాళాలు తీసుకున్న రోజే, ఉక్కగా ఉన్నా సరే, ఒక అరగంట హీటింగ్ వేసి ప్రతి రేడియేటర్ తాకి చూడండి. నవంబరులో అందరి బాయిలర్లూ ఒకేసారి మొరాయిస్తాయి, మెకానిక్ దొరకడు.