రెండు లేత బూడిద రంగుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం

పక్కపక్కన ఒకేలా కనిపించే రెండు లేత బూడిద రంగుల్లో దాగిన నీలి, ఆకుపచ్చ లేదా ఊదా ఛాయ గోడంతా పరచుకున్నాకే బయటపడుతుంది. దాన్ని ముందే పట్టుకోవాలంటే నమూనాలను తెల్ల కాగితంపై ఉంచి చూడాలి.

షేడ్ కార్డులోని చిన్న ముక్కను చూసి నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. రెండు పెద్ద అట్టలపై ఒక్కో రంగును రెండేసి కోట్లు వేసి, పూర్తిగా ఆరాక, కిటికీ ఉన్న గోడకూ, దాని ఎదుటి గోడకూ, మూలకూ నిలువుగా ఆనించి, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వెలిగించాక గమనించండి. 2700 కెల్విన్ బల్బు (పసుపు వెలుగు) కింద వెచ్చగా తోచే రంగే 6500 కెల్విన్ (చల్లని తెల్ల) వెలుగులో నీలంగా తేలవచ్చు, కాబట్టి ఆ గదిలో వాడే బల్బులనే వెలిగించాలి. నేల, తలుపులు ఎలాగూ మారవు కనుక వాటి పక్కన కూడా పెట్టి చూడండి.

అప్పటికీ తేడా తేలకపోతే, వెలుతురు తక్కువగా ఉన్న గదికి ఎల్‌ఆర్‌వీ, అంటే కాంతిని పరావర్తనం చేసే విలువ, ఎక్కువున్న రంగును తీసుకోండి.