ఈఎస్ఐ కౌంటర్ దగ్గర కార్డు చెల్లకపోతే తప్పు ఎక్కడ వెతకాలి?

ఒడిశాలోని రాయగడలో నాలుగైదు చిన్న సంస్థలకు నేను జీతాల లెక్కలు చూస్తాను. ఒక రైస్ మిల్లు, ఒక లాడ్జి, ఒక నర్సింగ్ హోమ్, రెండు గోదాములు. పనివాళ్ళలో సగం మంది ఆంధ్రలోని కూనేరు, కొమరాడ, పార్వతీపురం వైపు నుంచి వచ్చే తెలుగువారు. మిగిలినవారిలో ఒడియావారు, ఇక్కడి గిరిజన భాష కువి మాట్లాడేవారు ఉన్నారు. ఏ భాషవారైనా ఈఎస్ఐ (ఉద్యోగి, యజమాని చందాలతో నడిచే ఉద్యోగుల రాజ్య బీమా) కౌంటర్ నుంచి వెనక్కి వస్తే నేరుగా నా బల్ల దగ్గరికే వస్తారు. "ప్రతి నెలా డబ్బు కోస్తున్నారు కదా బాబూ, మరి కార్డు ఎందుకు చెల్లలేదు?" అని అడుగుతారు.

న్యాయమైన ప్రశ్నే. చిక్కేమిటంటే, ఈఎస్ఐలో తప్పు జరిగే రోజు వేరు, అది బయటపడే రోజు వేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ప్రతిఫలం ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు. అందువల్ల జనవరిలో కౌంటర్ దగ్గర గొడవ వస్తే ఆ నెల చలానా చూసి ప్రయోజనం లేదు. కిందటి ఏప్రిల్ నుంచి హాజరు పట్టీ తీయాలి.

"78 రోజులు లేవు, సిక్‌నెస్ డబ్బు రాదు" అంటున్నారు

నేను ఎక్కువగా చూసిన సమస్య ఇదే. జబ్బు పడి సెలవు పెట్టిన ఉద్యోగికి సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. దానికి ముందటి చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. కొత్తగా చేరినవారికి వైద్యం మొదటి రోజు నుంచే ఉంటుంది కానీ, ఈ నగదు మాత్రం తొమ్మిది నెలలు గడిచాకే. ఆ తేడా చెప్పకపోవడం వల్లనే సగం తగాదాలు.

మిగతా సగం ఎలా పుడతాయో ఒక కళాసీ కథలో చెబుతాను. కొన్నేళ్ళ కిందటి మాట. ఏప్రిల్‌లో 26 రోజులు పనిచేశాడు. మేలో తండ్రికి బాగాలేదని ఊరికి వెళ్ళి, పంట పనులు కూడా చూసుకుని జులై మధ్యలో తిరిగి వచ్చాడు. నెలవారీ చందా ఎక్కించేటప్పుడు సున్నా రోజులున్న ప్రతి ఉద్యోగికీ ఒక కారణం సంఖ్య వేయాలి. 1 అంటే సెలవు, 2 అంటే ఉద్యోగం మానేశాడు, 11 అంటే పని లేదు. అప్పటి గుమాస్తా 2 వేశాడు. ఆ ఒక్క అంకెతో మనిషి సంస్థ జాబితాలోంచే మాయమయ్యాడు. జులైలో తిరిగొచ్చినప్పుడు పేరు కనబడకపోతే, ఇంకో గుమాస్తా కొత్త మనిషిగా నమోదు చేసి కొత్త నంబరు తీశాడు. సెప్టెంబరు వరకు ఆ కొత్త నంబరు మీద 65 రోజులు పడ్డాయి. మొత్తం 91 రోజులు, 78కి మించే ఉన్నాయి. కానీ పాత నంబరు మీద 26, కొత్తదాని మీద 65. జనవరిలో కామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు రెండిట్లో ఏదీ చాలలేదు.

ఏం చేయాలి? ముందు ఉద్యోగి చేతిలో ఎన్ని నంబర్లున్నాయో అడగండి. పాత కార్డులు ఇంట్లో ట్రంకు పెట్టెలో దొరుకుతాయి. రెండు కనబడితే రెండింటి చందా వివరాలు, హాజరు పట్టీ నకలు, ఆధార్ జతచేసి బ్రాంచి కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి ఒకటిగా కలపమని అడగాలి. ఫోనులో చెప్పి ఊరుకోకూడదు, రసీదు తీసుకోవాలి. ఇక ముందు జాగ్రత్త: ఎవరిని చేర్చుకున్నా, వేరే ఊళ్ళో వేరే యజమాని దగ్గర చేసినవారైనా సరే, ముందే ఈఎస్ఐ నంబరు ఉందా అని అడగాలి. నమోదు తెరలో మొదటి ప్రశ్నే అది. మన వాళ్ళు దానికి అలవాటుగా 'లేదు' నొక్కేస్తారు. నంబరు ఉద్యోగితో పాటు జీవితాంతం ప్రయాణిస్తుంది, యజమాని మారితే మారదు.

ఆధార్‌తో పేరు కలవడం లేదు

ఇది మా సరిహద్దుకే ప్రత్యేకమైన తలనొప్పి. ఆంధ్ర ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశాలో చివర. ఫారం నింపే ఒడియా గుమాస్తా మొదటి మాటే పేరనుకుంటాడు. ఒక గోదాములో ఒకే ఊరి నుంచి వచ్చిన నలుగురు దాయాదులకు రిజిస్టరులో ఒకే పేరు పడింది. అది వాళ్ళ ఇంటిపేరు. ఒకరి చందా ఇంకొకరి ఖాతాలో పడిందేమోనని నెలరోజులు వెతికాం.

రెండోది 'వ'. ఒడియాలో అది 'బ'గా పలుకుతుంది. వరలక్ష్మి చెబితే బరలక్ష్మి రాస్తారు, వెంకటరమణ బెంకటరమణ అవుతాడు. నోటి మాటకు ఇబ్బంది లేదు, మా వీధిలో అందరూ రెంటికీ పలుకుతారు. కంప్యూటర్ పలకదు.

పేరును నోటితో అడిగి రాయకండి. చేరిన రోజే ఆధార్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించండి. పాత తప్పులకు ఉద్యోగి దరఖాస్తు, యజమాని ధ్రువీకరణ, ఆధార్ నకలు కావాలి. బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాలుంటే దాన్నీ అప్పుడే సరిచేయించండి, ఎందుకంటే నగదు ప్రయోజనం పడేది ఆ ఖాతాలోనే. కొందరు ఆధార్‌నే మార్పించుకుంటామంటారు. నా సలహా అడిగితే వద్దు. ఆధార్ మారితే భూమి కాగితాలు, రేషన్ కార్డు, పీఎఫ్ అన్నీ కదులుతాయి. ఆధార్‌కే మిగిలినవాటిని కలపడం సులువు.

జీతం 21,000 దాటింది, చందా ఆపాలంటే పోర్టల్ ఒప్పుకోదు

ఒప్పుకోకపోవడమే సరైనది. 2017 జనవరి 1 నుంచి వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు, దివ్యాంగులకు 25,000. చందా కాలం మధ్యలో ఈ పరిమితి దాటినా, ఆ కాలం ముగిసేవరకు చందా కట్టాల్సిందే. ఆగస్టులో వేతనం 20,400 నుంచి 21,600 అయితే, సెప్టెంబరు చివరి వరకు మొత్తం 21,600 మీదే కట్టాలి: ఉద్యోగి వాటా 0.75 శాతం, 162 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 702 రూపాయలు. పరిధి దాటాడని చెప్పే కారణం సంఖ్య 4. అది ఏప్రిల్, అక్టోబరు నెలల్లోనే చెల్లుతుంది. ఆగస్టులో చెల్లలేదని కొందరు తెలివిగా మళ్ళీ ఆ 2నే వేస్తారు. రోజూ పనికి వస్తున్న మనిషి ఉద్యోగం మానేసినట్టు రాసి ఇవ్వడం అది. తనిఖీలో హాజరు పట్టీ పక్కన పెట్టి చూస్తే దొరికిపోతుంది. బాకీతో పాటు ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. ఓవర్‌టైమ్ కలిపితే 21,000 దాటిందని తీసేయడం ఇంకో తప్పు. పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైమ్ కలపకూడదు.

ఇప్పుడు కొత్త మెలిక. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. ఈఎస్ఐ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ కిందికి వచ్చింది. అందులో వేతనం అంటే మూల వేతనం, కరువు భత్యం, రిటైనింగ్ భత్యం (పని లేని కాలంలోనూ మనిషిని నిలుపుకోవడానికి ఇచ్చేది). ఇంటి అద్దె, ప్రయాణ భత్యం లాంటివి బయట ఉంటాయి కానీ, అవన్నీ కలిపి మొత్తంలో సగం మించితే, మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. దీని వల్ల పాత లెక్కలో పరిధి బయట ఉన్నవారు లోపలికి రావచ్చు. మా నర్సింగ్ హోమ్‌లో ఒక సీనియర్ నర్సుకు నెలకు 26,000. మూల వేతనం, కరువు భత్యం కలిపి 14,000, మిగతా భత్యాలు 12,000. భత్యాలు సగం దాటలేదు కనుక కొత్త నిర్వచనంలో ఆమె వేతనం 14,000. అందుకే 21,000 దాటారని ఎప్పుడో పక్కన పెట్టినవారి పట్టీ మొత్తం మళ్ళీ తిరగేయాలి. ఈ పని ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ మొదటి వారంలో, అక్టోబరు మొదటి వారంలో చేస్తే చాలు.

ఉద్యోగం రాయగడలో, కుటుంబం పార్వతీపురంలో

"నాకైతే ఇక్కడ మందిస్తారు, మా ఆవిడ ఇంత దూరం రైలెక్కి రావాలా?" అని అడుగుతారు. అక్కరలేదు. నమోదులో ఉద్యోగికి ఒక డిస్పెన్సరీ, కుటుంబానికి ఇంకొకటి ఎంచుకునే వీలుంది. నింపేవాళ్ళు రెండు గడుల్లోనూ ఒకటే పెడతారు, అంతే కారణం. జాబితాలో ఇంటికి దగ్గరున్నది చూసి మార్పించండి. రాష్ట్రం వేరైనా పథకం ఒకటే. తల్లిదండ్రులను చేర్చాలంటే వారు ఉద్యోగి మీద ఆధారపడి ఉండాలి, ఆదాయ పరిమితి కూడా ఉంది. పిల్లల పేర్లు చేర్చడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. బిడ్డ పుట్టిన నెలలోనే జనన ధ్రువపత్రం అడిగి తీసుకుంటాను.

ఆంధ్ర వైపు వారు ఇంకో మాట అంటారు: మాకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, ఈ కోత ఎందుకని. ఆ పథకం ఈఎస్ఐలా జబ్బు సెలవుకు వేతనంలో 70 శాతం ఇవ్వదు, ప్రమాదానికి పింఛను ఇవ్వదు. అయినా ఉద్యోగి వద్దన్నంత మాత్రాన యజమాని చందా మానేయడానికి చట్టం ఒప్పుకోదు.

ప్రమాదం జరిగాక చూస్తే నమోదే లేదు

దీనికి మంచి పరిష్కారం లేదు, ఉన్నది నష్టం తగ్గించుకోవడమే. పనిలో గాయపడితే, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అయినా, వేతనంలో 90 శాతం అందుతుంది, 78 రోజుల లెక్క అడగరు. ఆ రోజుకు మనిషి ఉద్యోగంలో ఉన్నాడని రుజువైతే చాలు. యజమాని నమోదు చేయకపోవడం వల్ల భారం పడితే, ఈఎస్ఐ కార్పొరేషన్ ఆ సొమ్మును యజమాని నుంచే రాబడుతుంది. చేరిన రోజే నమోదు చేయండి. నెలాఖరుకు ఉంటాడో పోతాడో చూద్దామనే అలవాటుకు ఖరీదు ఎక్కువ.

ప్రమాదం జరిగిన వెంటనే 12వ నంబరు ఫారంలో నివేదిక పంపాలి, ప్రమాదాల పుస్తకంలో సాక్షుల పేర్లతో రాయాలి. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో ప్రమాదమైనా, సమయం, దారి, పనితో సంబంధం కుదిరితే 2010 సవరణ నుంచి అది పనిలో ప్రమాదమే. కూనేరు దాటకముందు, అంటే ఆంధ్ర నేల మీదే బండి జారినా అంతే. పోలీసు కాగితం ఆ రాష్ట్రం నుంచి తెచ్చుకోవాలి, మరునాడే వెళ్ళండి.

ప్రసూతి సెలవు డబ్బు ఆగింది

ముందటి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే 26 వారాలకు పూర్తి వేతనం వస్తుంది, ఇద్దరు బిడ్డలున్న తల్లికి 12 వారాలు. ఈఎస్ఐ పరిధి దాటిన ఉద్యోగినికి ఆ డబ్బు యజమానే చెల్లించాలి. చిన్న నర్సింగ్ హోమ్‌ల వారికి ఇది తెలిసీ తెలియనట్టుంటుంది.

మా దగ్గర పదిమంది లేరు

పదిమంది ఉండి ఒకసారి పరిధిలోకి వస్తే, తర్వాత ఎనిమిదికి తగ్గినా బయటికి రారు. లెక్కలో కాంట్రాక్టరు తెచ్చిన కళాసీలూ ఉంటారు. ప్రమాదకరమైన పనులైతే కొత్త కోడ్ కింద ఒక్కరున్నా వర్తిస్తుంది. కాంట్రాక్టరుకు సొంత ఈఎస్ఐ కోడ్ నంబరు ఉంటే ప్రతి నెలా మన మనుషుల పేర్లున్న చందా పట్టీ నకలు తీసుకున్నాకే బిల్లు చెల్లించండి. ఉత్త చలానా చాలదు, అందులో ఎవరి పేరూ ఉండదు.

నోటీసు వచ్చింది

భయపడి సంచిలో పడేయకండి. గడువు లోపల హాజరు కాకపోతే ఈఎస్ఐ అధికారులు తమకు తోచిన అంకె వేసి తీర్పిస్తారు. తనిఖీ అధికారి జీతాల పట్టీ కన్నా ముందు చూసేది ఖర్చుల లెడ్జరును. సరుకు ఎత్తి దించే కూలి, మరమ్మతులు, సున్నం రంగులు అన్న పద్దుల్లో ఉన్న మొత్తాన్ని లెక్కకు రాని వేతనంగా తీసుకుంటారు. కిందటిసారి మా మిల్లు మరమ్మతుల పద్దులో 1,80,000 ఉంటే, అందులో బేరింగులు, బెల్టుల ఖరీదే ఎక్కువ. కానీ మేస్త్రీ ఇచ్చిన తెల్ల కాగితంలో 'మొత్తం పని' అని ఒకటే మాట ఉంది. సామగ్రి కొన్న దుకాణాల నుంచి పాత బిల్లుల నకళ్ళు తెచ్చుకోవడానికి పదిహేను రోజులు తిరిగాను. ఇప్పుడు మేస్త్రీ ఎవరైనా సరే, కూలి ఒక కాగితం మీద, సామాను ఇంకో కాగితం మీద రాసిస్తేనే డబ్బు లెక్కపెడతాను.